వదిలేయడం తెలిసిన యంత్రం

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు ముగించుకుని 1980ల మొదట్లో ఇంగ్లండు చేరిన తెలుగు డాక్టర్లలో నేనొకణ్ణి. ఉద్యోగం ఉత్తరాన లాంకషైర్‌లో దొరికింది, ఒకప్పుడు నూలు మిల్లుల మీద బతికిన ఓ చిన్న ఊళ్ళో. మేం వెళ్ళేసరికి మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. ఆస్పత్రిలో మాత్రం పనికి కొదవలేదు. చదరంగం నాకు చిన్నప్పుడే అబ్బింది. మా తాతయ్య అరుగు మీద పాత పద్ధతిలో ఆడేవాడు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరగాలి. రాజుకు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కుంటుంది. అంతర్జాతీయ నియమాలు ఆ తర్వాత హాస్టల్లో నేర్చుకున్నాను.

ఆ ఊళ్ళో నాకు పరిచయమైన ఒక ప్రోగ్రాం గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. దాన్ని రాసింది రిచర్డ్ లాంగ్ అనే ఇంగ్లీషు ప్రోగ్రామర్. ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు. కానీ ఆయన ప్రోగ్రాముల ఎదుట ఏళ్ళ తరబడి కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది వైద్యంలో వాడుకున్నాను. అందుకే నాకు చదువు చెప్పినవాళ్ళ సరసన ఆయన పేరూ తలుచుకుంటాను.

అవి బ్రిటన్‌లో ఇంటి కంప్యూటర్లు ఊపందుకున్న రోజులు. 1981లో సింక్లెయిర్ కంపెనీ జడ్ఎక్స్81 అనే చిన్న యంత్రాన్ని 69.95 పౌండ్లకే అమ్మింది. అందులో జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు. అంతలోనే చదరంగం ఆడే ప్రోగ్రాం ఇరికించాడు డేవిడ్ హార్న్ అనే ఆయన. అంతకన్నా ముందే, 1976లో, కెనడాలో పీటర్ జెనింగ్స్ కిమ్-1 అనే సర్క్యూట్ బోర్డు మీద మైక్రోచెస్ నడిపించాడు. 1978లో అమెరికాలో స్ప్రాక్లెన్ దంపతులు సార్గాన్ రాశారు. పత్రికల్లో ఇవన్నీ చదువుతూ నేనూ ఒకటి కొనాలని ఎదురుచూశాను. 1984 జనవరిలో సింక్లెయిర్ క్యూఎల్ ప్రకటించారు. ధర 399 పౌండ్లు. 128 కిలోబైట్ల జ్ఞాపకశక్తి, మోటరోలా 68008 ప్రాసెసర్, వేలెడంత క్యాసెట్లలో టేపు తిప్పే మైక్రోడ్రైవులు రెండు. దానికోసం సైయాన్ కంపెనీ విడుదల చేసిన చదరంగం ప్రోగ్రాం లాంగ్ రాసిందే. అదే ఏడాది గ్లాస్గోలో మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ జరిగితే మొదటి స్థానం పంచుకున్న నాలుగింటిలో అదొకటి.

"ఏమండీ, నాలుగొందల పౌండ్లంటే ఒకరు ఇండియా వెళ్ళొచ్చే డబ్బు కదా!" అంది మా ఆవిడ.

"రాత్రి డ్యూటీల మధ్య నిద్రపట్టని వేళల్లో నాకు తోడుంటుంది," అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, "సరే, కొనండి. కానీ అది ఎలా ఆలోచిస్తుందో నాకూ అర్థమయ్యేలా చెప్పాలి," అంది. ఆ షరతు నాకు చాలా మేలు చేసింది. ఆమెకు చెప్పాలంటే ముందు నాకు తెలియాలిగా.

దాన్ని టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి, టేపు తిరిగే చప్పుడు ఆగేదాకా కూర్చుంటే తెర మీద బల్ల కనిపించేది. పైనుంచి చూసినట్టు కాదు, ఎదురుగా కుర్చీలో కూర్చుని చూస్తున్నట్టు పావులు నిలబడి ఉండేవి. ఆ బొమ్మ అందం అప్పట్లో అందరినీ ఆకట్టుకుంది. నన్ను పట్టి కూర్చోబెట్టింది మాత్రం దాని ఆట. ఎక్కడో నాలుగైదు ఎత్తుల అవతల నా రాజు మీదికి రాబోయే ముప్పును ముందే పసిగట్టి గుర్రాన్ని ఇటు తిప్పేది. అంత చిన్న ప్రాసెసర్‌కి అంత దూరపు చూపు ఎలా వచ్చిందన్నది నాకు అంతుబట్టలేదు. నేను ఓ కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఆట నడిమధ్యలో ఒక్కో స్థితిలో సుమారు 35 ఎత్తులు వేసే వీలుంటుంది. నాది ఒకటి, దానిది ఒకటి, మళ్ళీ నాది ఒకటి, దానిది ఒకటి. ఈ నాలుగు ఎత్తులకే 15,00,625 వరసలు. ఆరు ఎత్తులకు 180 కోట్లు దాటతాయి. ఆ డబ్బా అన్ని కోట్లు లెక్కపెట్టే ప్రశ్నే లేదు.

జవాబు ఊరి చెస్ క్లబ్‌లో దొరికింది. లైబ్రరీ పై అంతస్తులో సాయంత్రాలు బల్లలు వేసేవాళ్ళు. అక్కడికో పెద్దాయన వచ్చేవారు. మాంచెస్టర్‌లో పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసి రిటైరైన మనిషి. మాంచెస్టర్ మాకు రైల్లో దగ్గరే. కంప్యూటరు మొట్టమొదట చదరంగం సమస్య విప్పింది ఆ ఊళ్ళోనే అని ఆయన గర్వంగా చెప్పేవారు. 1951 నవంబరులో ఫెరాంటి మార్క్ 1 మీద డీట్రిచ్ ప్రింట్జ్ రాసిన ప్రోగ్రాం రెండెత్తుల్లో ఆటకట్టు ఎలాగో కనిపెట్టింది. పద్ధతి మహా మొండిది. వీలున్న ప్రతి ఎత్తూ వేసి చూడటమే. ఆ చిన్న సమస్యకే దానికి పావుగంట పట్టింది. మరుసటి ఏడాది అదే ఊళ్ళో అలన్ ట్యూరింగ్ తను రాసుకున్న నియమాల ప్రకారం కాగితం మీద లెక్కలు వేస్తూ, తానే యంత్రంగా, అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగితో ఒక ఆట ఆడాడు.

నా సందేహం విని ఆ పెద్దాయన అన్నారు: "డాక్టర్, అది ఎంత వేగంగా లెక్కపెడుతోందని అడగకండి. దేన్ని చూడకుండా వదిలేస్తోందని అడగండి."

ఆ సాయంత్రం ఆట పక్కన పెట్టి ఆయన నాకు ఈ కథంతా చెప్పారు. 1950లో క్లాడ్ షానన్ కంప్యూటర్‌తో చదరంగం ఆడించడం మీద ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో రెండు దారులు చూపించాడు. మొదటిది, నిర్ణీత లోతు వరకు ప్రతి ఎత్తూ చూడటం. రెండోది, పనికొచ్చేలా ఉన్న కొన్నిటినే ఎంచుకుని వాటిని లోతుగా తవ్వడం. మనుషులు ఆడేది రెండో పద్ధతిలోనే. డచ్చి మనస్తత్వ శాస్త్రవేత్త అడ్రియాన్ డి గ్రూట్ గొప్ప ఆటగాళ్ళను పైకి మాట్లాడుతూ ఆలోచించమని అడిగి పరిశీలించాడు. వాళ్ళు కూడా చూసేది కొద్ది ఎత్తులనే అని తేలింది. వాళ్ళ గొప్పతనమంతా ఆ కొద్దిటిని సరిగ్గా ఎంచుకోవడంలో ఉంది.

1957లో అలెక్స్ బెర్న్‌స్టైన్ బృందం ఐబీఎం 704 మీద ఆ రెండో దారి పట్టింది. వాళ్ళ ప్రోగ్రాం ప్రతి స్థితిలోనూ ఒక వరసలో ప్రశ్నలు వేసుకునేది. రాజుకు ప్రమాదం ఉందా? ఏదైనా పావును చంపగలనా, పోగొట్టుకోబోతున్నానా? కోట కట్టుకోవచ్చా? ఇంకా కదలని గుర్రమో శకటో ఉందా? ఆ ప్రశ్నల్లోంచి ఏడు ఎత్తులు తేలగానే మిగతావాటిని వదిలేసేది. ఏడు చొప్పున నాలుగు ఎత్తుల లోతుకు 2,401 వరసలే. పదిహేను లక్షలు రెండువేల నాలుగొందలకు దిగివచ్చాయి.

"అబ్బ! అయితే దారి దొరికినట్టేగా?" అన్నాను.

"ఆగండి. ఇంకో లెక్క ఉంది," అని ఆయన పెన్సిల్ తీసుకున్నారు. ఆల్ఫా-బీటా అనే పద్ధతి గురించి నేను వినడం అదే మొదలు. ఒక ఎత్తు వేస్తే అవతలివాడు ఒక్క జవాబుతో నా మంత్రిని కొట్టేస్తాడని తేలిందనుకుందాం. అంతకంటే నాకు మంచి ఎత్తు అప్పటికే చేతిలో ఉంది. అలాంటప్పుడు ఈ ఎత్తుకు ఇంకా ఎన్ని చెడ్డ జవాబులున్నాయో వెతకనక్కర్లేదు. అది చెడ్డదని రుజువైపోయింది. మంచి ఎత్తులు వరసలో ముందు వచ్చేలా చూసుకుంటే, 35 ఎత్తులనూ వదలకుండా నాలుగు లోతులు చూడటానికి అతి తక్కువగా 2,449 వరసలు చాలు.

ఆయన రెండంకెలనూ పక్కపక్కన రాసి నా వైపు తిప్పారు. 2,401. 2,449.

నాకు ఒళ్ళు జలదరించింది. మొదటిది 28 ఎత్తులను నమ్మకం మీద పారేసి తెచ్చుకున్న పొదుపు. రెండోది ఒక్కదాన్నీ అన్యాయంగా పారేయకుండా, రుజువు చూపించి తెచ్చుకున్న పొదుపు. రెండూ దాదాపు ఒకటే. అందుకే 1973లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ స్లేట్, లారీ ఆట్కిన్ తమ ప్రోగ్రాంలో ఎంపికను తీసేసి అన్ని ఎత్తులూ చూసే పద్ధతికి మారిపోయారు. వాళ్ళ ప్రోగ్రాం బలపడింది. పెద్ద కంప్యూటర్లు ఉన్నవాళ్ళంతా ఆ దారే పట్టారు.

"మరి లాంగ్ ఎందుకు వెనక్కి వెళ్ళాడు?" అని అడిగాను.

"ఆయన దగ్గర పెద్ద కంప్యూటర్ లేదు," అన్నారు పెద్దాయన. "ఉన్న చిన్నదానితోనే దూరం చూడాలి. కాబట్టి రెంటినీ కలిపాడు."

ఆ కలపడమే ఈ కథకు ప్రాణం. రుజువుతో వదలడమూ, ఎంచుకుని వదలడమూ ఒకదానికొకటి అడ్డు కాదు. అన్నీ చూస్తూ నాలుగు లోతులు వెళ్ళడానికి అతి తక్కువ ఖర్చు 2,449 అయితే, ఏడే ఎంచుకుని వాటి మీద ఆల్ఫా-బీటా నడిపితే ఎనిమిది లోతులకు 4,801 చాలు. రెట్టింపు కన్నా తక్కువ ఖర్చుతో రెట్టింపు లోతు! అయితే మొదటి మెట్టు నుంచే ఎంపిక మొదలుపెడితే బెర్న్‌స్టైన్ ప్రోగ్రాంకి ఎదురైన గతే ఎదురవుతుంది. ఎదురుగా ఉన్న మంచి ఎత్తు ఆ ఏడింటిలో లేకపోతే దాన్ని ఇక ఎప్పటికీ చూడలేదు. అందుకని ఈ తరహా ప్రోగ్రాములు మొదటి కొన్ని ఎత్తులలో ఎవర్నీ వదలవు. ఎంత పనికిరానిదిగా కనిపించినా ప్రతిదాన్నీ ఒకసారి పలకరిస్తాయి. ఆ హద్దు దాటాకే ఎంపిక మొదలవుతుంది. చంపడాలు, రాజుకు చెక్ పెట్టడాలు, బంటు చివరి గడికి చేరడాలు, ఎదుటి పావును బెదిరించడాలు ఇలాంటి పదునున్నవాటి వెంటే వెళ్తాయి.

ఇంటికెళ్ళి మా ఆవిడకు ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. ఆమె అంతా విని, "అయితే నిదానంగా వచ్చే ప్రమాదం దానికి కనపడదేమో," అంది. ఆ మాట అక్షరాలా నిజం. దాన్ని పరీక్షించడానికి పెద్దాయన నాకొక స్థితి ఇచ్చారు. రిచర్డ్ రేటీ 1921లో కూర్చిన ప్రసిద్ధ సమస్య అది. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెల్లవాళ్ళది. నల్లబంటు పారిపోతోంది, రాజు దాన్ని అందుకోలేడు. తన బంటు దగ్గరికీ చేరలేడు. ఎవరు చూసినా తెల్లవాళ్ళు ఓడిపోయారనే అంటారు. కానీ రాజు ఐమూలగా జి7, ఎఫ్6, ఇ5 గడుల మీదుగా నడిస్తే ప్రతి అడుగూ రెండు పనులు చేస్తుంది. ఇటు బంటును తరుముతుంది, అటు తన బంటుకు దగ్గరవుతుంది. ఆట సమానంగా ముగుస్తుంది. ఆ మూడడుగుల్లో చంపడం లేదు, చెక్ లేదు, నేరుగా బెదిరింపూ లేదు. క్లబ్‌లో అందరి దగ్గరా ఉన్న చిన్నాచితకా ప్రోగ్రాములకు ఈ స్థితి పెట్టి చూశాం. లోతు తక్కువైనవన్నీ నల్లవాళ్ళదే గెలుపని అంకె చూపించేవి. రాజును మేమే ఇ5 దాకా నడిపించాక ఆ అంకె మారిపోయేది. పదునైనదాన్ని వెతికే కన్నుకు నెమ్మదైనది ఎలా తప్పిపోతుందో అంత స్పష్టంగా చూపిన పాఠం నేను మరెక్కడా చదవలేదు.

ఇదంతా నా ఉద్యోగంతో ఎలా ముడిపడిందో చెప్పాలి. క్యాజువాల్టీలో రాత్రి డ్యూటీ డాక్టరు చేసేది కూడా ఇదే పని. కడుపునొప్పి అని వచ్చిన మనిషికి కారణాలు డజన్లకొద్దీ ఉండొచ్చు. ప్రతి కారణానికీ పరీక్ష చేయిస్తూ పోతే తెల్లారిపోతుంది, అవతల వరసలో ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికొస్తుంది. అనుభవం ఉన్న డాక్టరు రెండు మూడు ప్రశ్నలతోనే ముఖ్యమైన కొమ్మలు పట్టుకుంటాడు. నేనూ అదే నేర్చుకుంటున్నాను. కానీ ఆ ఆస్పత్రిలో పాతకాలపు నియమం ఒకటి ఉండేది. వచ్చింది ఎవరైనా, చెప్పింది ఏదైనా, నాడి, రక్తపోటు, జ్వరం చూసి మూత్రంలో చక్కెర పరీక్ష చేయాల్సిందే. మా సిస్టర్ ఈ విషయంలో ఎవరి మాటా వినేది కాదు.

ఒక రాత్రి ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణి తీసుకొచ్చారు. వాంతులు, కడుపంతా నొప్పి, నొక్కితే విలవిల్లాడుతున్నాడు. అపెండిసైటిస్ అనిపించే లక్షణాలన్నీ ఉన్నాయి. సర్జన్‌కు కబురు వెళ్ళింది. ఈలోగా సిస్టర్ మూత్రం పరీక్ష చేసి పుల్ల నా ముందు పెట్టింది. చక్కెర, కీటోన్లు రెండూ నిండుగా ఉన్నాయి. ఆ కుర్రాడికి మధుమేహం ఉందని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారిపోతే కడుపునొప్పి అచ్చం అపెండిసైటిస్‌లాగే రావచ్చు. సెలైన్, ఇన్సులిన్ మొదలుపెట్టాం. ఉదయానికి నొప్పి తగ్గింది, కత్తి పని లేకుండానే లేచి కూర్చున్నాడు.

పొద్దున ఇంటికి వెళ్ళాక కూడా నాకు నిద్ర పట్టలేదు. పెద్దాయన చెప్పింది ఇప్పుడు కళ్ళెదుట జరిగింది. మొదటి మెట్టులో ఎవర్నీ వదలకూడదు. ఎంపిక దాని తర్వాతే. ఎంపిక మీద ఎంత నమ్మకం ఉన్నా మొదటి మెట్టు కుదించకూడదు. ఆ తర్వాత నా దగ్గర పనిచేసిన ప్రతి జూనియర్‌కూ నేను ఈ రెండూ కలిపే నేర్పాను.

లాంగ్ అక్కడితో ఆగలేదు. జర్మనీకి చెందిన హెగెనర్ అండ్ గ్లేజర్ కంపెనీ మెఫిస్టో పేరుతో చదరంగం కోసమే చేసిన యంత్రాలు అమ్మేది. వాటికి ఆయన ప్రోగ్రాములు రాశాడు. 1985లో ఆమ్‌స్టర్‌డామ్, 1986లో డల్లస్, 1987లో రోమ్, ఆ తర్వాత అల్మేరియా, పోర్టోరోజ్, లియాన్. మైక్రోకంప్యూటర్ల ప్రపంచ పోటీ ఎక్కడ జరిగితే అక్కడ ఆయన ప్రోగ్రామే గెలుస్తూ వచ్చింది. గెలిచిన ఊరి పేరే కొత్త యంత్రానికి పెట్టేవాళ్ళు. అవి నా జీతానికి అందేవి కావు. కానీ 1990ల మొదట్లో అదే మెదడు చెస్ జీనియస్ పేరుతో మామూలు పీసీలోకి వచ్చింది. అప్పటికి ఇంట్లో 486 పీసీ ఉంది. పిల్లలు బడికి వెళ్తున్నారు.

జీనియస్ ఆలోచిస్తున్నప్పుడు తెర మీద రెండంకెలు కనిపించేవి. మొదటిది, ఒక్క ఎత్తూ వదలకుండా ఎంత లోతు చూసిందో చెప్పేది. రెండోది, ఎంచుకున్న దారుల్లో ఎంత దూరం వెళ్ళిందో చెప్పేది. మొదటిది ఐదో ఆరో ఉన్నప్పుడు రెండోది పదిహేను దాటిపోయేది. లైబ్రరీ పై అంతస్తులో పెన్సిల్‌తో గీసిన చెట్టు ఇప్పుడు నా బల్ల మీద అంకెలై పెరుగుతోంది. ఎంపిక ఎంత దూరం సాగాలో మనమే తగ్గించుకునే అమరిక కూడా అందులో ఉండేది. దాన్ని పూర్తిగా తీసేసి ఆడించి చూశాను. మొదటి అంకె కొంచెం పెరిగింది. కానీ ఆట చప్పబడింది. రాజు మీదికి ఎక్కి రావడంలో ఆ వాడి పోయింది. మళ్ళీ ఎంపిక పెట్టగానే దూరపు ముప్పులు కనిపెట్టడం మొదలయ్యింది. ఒకే ప్రోగ్రాం, ఒకే యంత్రం. తేడా అంతా దేన్ని వదిలేయాలో తెలియడంలో ఉంది.

మా ఊరికి దగ్గర్లోనే రాజమండ్రి నుంచి వచ్చిన మత్తు డాక్టరొకాయన ఉండేవాడు, నాకన్నా చిన్నవాడు. మంచి ఆటగాడు. ఆదివారాలు భోజనానికి వచ్చి జీనియస్‌తో కుస్తీ పట్టేవాడు.

"ఆయ్, అన్నయ్యగారూ, ఇది కళ్ళ ముందు గాలం వేసి ఏడెత్తుల తర్వాత లాగుతోందండీ," అనేవాడు.

"దాన్ని పదునైన ఆటలోకి దించకు తమ్ముడూ. బంట్లు మూసేసి నెమ్మదిగా ఆడు," అనేవాణ్ణి. రేటీ సమస్య నేర్పింది అదే. అలా ఆడి అతను దాన్ని చాలాసార్లు నిలబెట్టాడు, కొన్నిసార్లు గెలిచాడు కూడా.

1994 ఆగస్టు 31 గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లండన్‌లో ఇంటెల్ గ్రాండ్‌ప్రీ నాకౌట్ పోటీ జరుగుతోంది. ఒక్కొక్కరికి ఆటకు 25 నిమిషాలు. మొదటి రౌండులో ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌కు ఎదురుగా పెంటియం యంత్రం మీద జీనియస్‌ను కూర్చోబెట్టారు. మర్నాడు ఆస్పత్రి క్యాంటీన్‌లో పేపరు తెరిస్తే నమ్మలేకపోయాను. మొదటి ఆటలో తెల్లపావులతో ఆడి కాస్పరోవ్ ఓడిపోయాడు. రెండోది డ్రా. ఒకటిన్నర, అర తేడాతో ప్రపంచ ఛాంపియన్ పోటీ నుంచి బయటికి. గది నిండే పెద్ద కంప్యూటర్ కాదు, మామూలు మనిషి ఇంట్లో పెట్టుకోగల పీసీ ప్రోగ్రాం ఆయన్ని ఓడించింది.

ఆ సాయంత్రం రాజమండ్రి తమ్ముడు నేరుగా ఆపరేషన్ థియేటర్ నుంచి మా ఇంటికి వచ్చాడు. బల్ల మీద పావులు పేర్చి ఆ ఆటను ఎత్తు తర్వాత ఎత్తు వేసుకుంటూ పోయాం. మా ఆవిడ పక్కనే కూర్చుని, "ఇక్కడ ఇది ఏం వదిలేసింది? కాస్పరోవ్ ఏం వదిలేశాడు?" అని అడుగుతూనే ఉంది. అంతకన్నా మంచి ప్రశ్న ఆ రాత్రి మాలో ఎవరూ అడగలేదు. చాంపియన్ కూడా ఎంచుకునే ఆడతాడు. గడియారం తరుముతున్నప్పుడు ఆయన ఎంపిక కుంచించుకుపోతుంది. యంత్రం మాత్రం ఆఖరి నిమిషంలో కూడా మొదటి మెట్లు పూర్తిగానే చూస్తుంది. తక్కువ సమయంలో మనిషికి, దానికి ఉన్న అసలు తేడా అదే అనిపించింది.

జీనియస్ తర్వాతి రౌండులో బోస్నియా గ్రాండ్‌మాస్టర్ ప్రెడ్రాగ్ నికోలిచ్‌ను కూడా ఓడించి సెమీఫైనల్ చేరింది. అక్కడ ఎదురైంది మన విశ్వనాథన్ ఆనంద్. అప్పటికి ఆయన వయసు 24. ఆనంద్ దాన్ని ఓడించి ఫైనల్‌కు వెళ్ళాడు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పాయసం వండారు. యంత్రం ఓడిపోయిందని కాదు ఆ సంతోషం. ఛాంపియన్‌కే కొరకరాని కొయ్య అయినదాన్ని చెన్నై నుంచి వచ్చిన కుర్రాడు లొంగదీశాడని. పరాయి దేశంలో ఉన్న మాకు అది మా సొంత గెలుపే.

ఆ తర్వాతి కథ అందరికీ తెలుసు. 1997లో న్యూయార్క్‌లో డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఆరు ఆటల పోటీలో ఓడించింది. సెకనుకు 20 కోట్ల స్థితులు చూడగల ప్రత్యేక చిప్పులతో కట్టిన యంత్రమది. ఇక ఎంపికకు కాలం చెల్లిందని, వేగమే గెలిచిందని చాలామంది అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇవాళ మన ఫోన్లలో ఆడే బలమైన ప్రోగ్రాములు కూడా ముందు వరసలోని ఎత్తులను పూర్తిగా తవ్వి, వెనక వచ్చేవాటిని తక్కువ లోతుకే చూస్తాయి. అలా తేలిగ్గా చూసినదాంట్లో ఏదైనా బలం కనిపిస్తే వెనక్కి వచ్చి దాన్ని మళ్ళీ పూర్తిగా చూస్తాయి. 2017లో లండన్‌లోని డీప్‌మైండ్ ఆల్ఫాజీరోను ప్రకటించినప్పుడు అంకెలు చూసి మళ్ళీ ఆ పెన్సిల్ కాగితం గుర్తొచ్చింది. స్టాక్‌ఫిష్ సెకనుకు ఏడు కోట్ల స్థితులు చూస్తే ఆల్ఫాజీరో 80 వేలే చూసింది. అయినా అదే గెలిచింది. షానన్ చూపిన రెండో దారి 67 ఏళ్ళకు తన సత్తా పూర్తిగా చూపించింది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను. ఆస్పత్రులకు వెళ్ళినప్పుడు యువ డాక్టర్లను చూస్తుంటాను. స్కాన్లు, రక్త పరీక్షలు, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. అన్నీ చేయించేస్తే ఏదీ తప్పిపోదని వాళ్ళ నమ్మకం. వాళ్ళను తప్పుపట్టను. కానీ అన్నీ చూడటమే ఆలోచన కాదని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది. వదిలేయడం కూడా విద్యే. మొదట అందరినీ ఒకసారి చూసినవాడికే ఆ తర్వాత వదిలేసే అర్హత వస్తుంది. వదిలేసినదాని దగ్గరికి అనుమానం వచ్చినప్పుడు తిరిగి వెళ్ళేవాడి చేతిలోనే ఆ విద్య నిలుస్తుంది. 128 కిలోబైట్లలో ఏది ముఖ్యం, ఏది కాదు అని ప్రతి ఎత్తుకూ తేల్చుకోక తప్పని పరిస్థితిలో రిచర్డ్ లాంగ్ లాంటివాళ్ళు ఆ విద్యను అక్షరం అక్షరం రాసిపెట్టారు. లేమి వాళ్ళ చేత అంత గట్టి ఆలోచన చేయించింది. కలిమి వచ్చిన మనం ఆ ఆలోచనను పోగొట్టుకోకుండా ఉంటేనే వాళ్ళకు న్యాయం చేసినట్టు.